ఆరు నెలల కప్పు

మొన్న శనివారం మధ్యాహ్నం నేను ఎక్కిన బస్సు పెనుగొలను దాటీ దాటకముందే టైరు పంక్చరై ఆగిపోయింది. నేను గంపలగూడెం వైపు ఒక బడిలో పాఠాలు చెబుతూ, వారానికోసారి తిరువూరులో ఇంటికి వస్తుంటాను. డ్రైవరూ కండక్టరూ చక్రం విప్పుతుంటే మగవాళ్ళు బీడీలు ముట్టించారు, ఆడవాళ్ళం ఒక తుమ్మచెట్టు నీడకి చేరాం. నలుగురిలో నిలబడాల్సి వచ్చినప్పుడు ఎవరూ పలకరించకుండా దూరంగా దేన్నో చూస్తూ ఉండిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు నా చూపుకి దొరికింది కోత అయిపోయిన ఒక చేను. అందులో రెండేసి వెదురుబొంగులు అటూ ఇటూ పాతి కొంతమంది ఫుట్‌బాల్ ఆడుతున్నారు. బొంగుల మధ్య నిలబడ్డ పొడుగాటి మనిషి మీదికి బంతి దూసుకొచ్చింది. అతను చేతులు చాచి దాన్ని లాక్కోలేదు. అరచేతులు రెండూ దొప్పలా కలిపి, మోచేతులు డొక్కలకి ఆనించి, గుళ్ళో తీర్థం పుచ్చుకున్నట్టు పట్టాడు. పట్టిన బంతిని చంకలో పెట్టుకుని, కుడిచెయ్యి ఒకసారి నెత్తికి రాసుకుని, అప్పుడు తన్నాడు.

"ఏంటి టీచరుగారూ, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది పక్కనున్న ఆవిడ. "ఏం లేదండీ" అన్నాను. బంతి పట్టాక చెయ్యి నెత్తికి ఎందుకు రాసుకుంటాడో బహుశా ఆ ఆడే మనిషికి కూడా తెలిసి ఉండదు. ఎవరో నేర్పారు, అతనికి పట్టుబడింది. నేర్పినవాళ్ళకి ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఆ అలవాటు మా బాబాయిది.

మా తాతగారు మా వీధి రామాలయంలో అర్చకులు. మా నాన్న లెక్కల మేష్టారై ఆ పని తప్పించుకున్నారు. నాన్న తమ్ముడు, అంటే మా బాబాయి, తప్పించుకోవడానికే ఫుట్‌బాల్ పట్టుకున్నాడని అమ్మ అనేది. అది నిజం కాదు, బాబాయికి గుడంటే ఇష్టమే. పదేళ్ళ వయసులోనే హారతి పళ్ళెం పట్టుకుని, ఈదురుగాలిలో కూడా కర్పూరం ఆరకుండా గుడి చుట్టూ తిరిగి వచ్చేవాడట. హైస్కూల్లో డ్రిల్లు మేష్టారు ఆ చేతుల్ని చూసే గోల్లో నిలబెట్టారు. "పరిగెత్తడం రాకపోతే పోయింది, వీడి చేతిలో పడ్డది ఒలకదు" అన్నారట. అలా నిలబడ్డవాడు తిరువూరు జట్టుకి పదేళ్ళు నిలబడ్డాడు. చిక్కల్లా ఏమిటంటే, జట్టులో మిగతా పదిమందీ తోలుబంతిని కాలితో తన్నేవాళ్ళు, చేతులతో ముట్టుకునేవాడు గోల్‌కీపరు ఒక్కడే. ఆ ఒక్కడూ అర్చకుడి కొడుకు కావడం మా బామ్మ ప్రారబ్ధం. సాయంత్రం బాబాయి పెరటిగుమ్మంలో అడుగు పెట్టగానే లోపలి నుంచి "అక్కడే ఆగు!" అని కేక వినబడేది. బావి దగ్గర నాలుగు చేదల నీళ్ళు తలమీద గుమ్మరించుకుంటే గానీ ఇంట్లోకి రానిచ్చేది కాదు. బంతికి కట్టెల కొట్టంలో ఒక మూల చోటిచ్చారు. తోలు పగలకుండా అందరూ కొవ్వు రాస్తారట. మా ఇంట్లో అది కుదరదు గనక బాబాయి ఆముదం పట్టించేవాడు. వానాకాలంలో ఆ కట్టెల కొట్టం అచ్చం పురిటిగదిలా వాసన వేసేది.

ఒకసారి భోజనాల దగ్గర బాబాయి ధైర్యం చేసి వాదనకి దిగాడు. "డోలు మాత్రం చర్మం కాదా నాన్నగారూ? దేవుడి ముందే వాయిస్తున్నారు కదా" అన్నాడు. తాతగారు చారు కలుపుకుంటూ, తలెత్తకుండా, "వాళ్ళు దాన్ని కొడుతున్నార్రా. నువ్వు కావలించుకుంటున్నావు" అన్నారు. బామ్మతో సహా అందరం నవ్వాం. బాబాయి కూడా నవ్వాడు. మా ఇంట్లో ఆ గొడవ ఎప్పుడూ అంతకు మించి ముదిరేది కాదు.

నేను పదో తరగతికి వచ్చిన చలికాలంలో, పొరుగూరి జట్టుతో ఆటలో ఒకడి బూటు బాబాయి కుడిచేతి మీద పడింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ విరిగాయి. కట్టు కట్టించాక ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. పువ్వు పట్టుకోగలడు, గంట వాయించగలడు, దూసుకొచ్చే బంతిని పట్టలేడు. ఇరవై ఎనిమిదేళ్ళకి ఆట ముగిసిపోయింది. బాబాయి సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆ వేళ్ళ వంక చూసుకునేవాడు. బావి దగ్గర నీళ్ళ చప్పుడు లేని సాయంత్రాలు బామ్మకే అందరికంటే ఎక్కువ బెంగగా ఉండేవని నాకు అనుమానం.

ఆ రోజుల్లో నాకు మాట్లాడటం కంటే రాయడం తేలిక. ఒక డైరీ ఉండేది. దానితో పాటు శాఖా గ్రంథాలయం ఉండేది. ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్ళి, తెలుగు నవలలు అయిపోయాక, అర్థమైనా కాకపోయినా ఇంగ్లీషు పత్రికలు తిరగేసేదాన్ని. అట్ట ఊడిపోయిన ఒక పాత ఆటల పత్రికలో స్పెయిన్ దేశపు గోల్‌కీపరు ఒకాయన గురించి కనబడింది. ఆయన పేరు నాకు అప్పుడూ పలకడం రాలేదు, ఇప్పటికీ రాదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చుంటే తేలిందేమంటే, ఆయన చాలా ఏళ్ళు గోల్లో ఆడి, వయసు మీద పడ్డాక చేతులకున్న తొడుగులు విప్పేసి, కోటు వేసుకుని గీత బయట కూర్చుని, జట్టుని తనే నడిపించాడట. దాన్ని మేనేజరు అంటారట. మేనేజరు అంటే బ్యాంకులోనో సినిమాహాలులోనో ఉంటాడనే నాకు తెలుసు, బంతాటకి కూడా ఉంటాడని తెలియడం గొప్ప విశేషంగా తోచింది. చెప్పడానికి నోరు రాక, అదంతా తెలుగులో డైరీలో రాసి, ఆ కాగితం చింపి బాబాయి చొక్కా జేబులో పెట్టాను.

మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటూ అడిగాడు. "అమ్మాయ్, ఈ స్పెయినాయన తర్వాత ఏమయ్యాడు? గెలిపించాడా?"

"తెలీదు బాబాయ్. తర్వాతి పేజీ ఎవరో చింపేశారు."

బాబాయి నోరు పుక్కిలించి, "మంచిదే అయింది. ఓడించాడని ఉంటే నాకు భయం వేసేది" అన్నాడు.

ఆ వారంలోనే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ప్రెసిడెంటుగారు మా అరుగు మీదికి వచ్చారు. ఆయనకి రైసు మిల్లు ఉండేది. ధాన్యం బస్తాల మధ్య అలవాటైన గొంతు గనక ఆయన గుసగుస కూడా వీధి చివరికి వినబడేది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. "మే నెలలో మన గ్రౌండులోనే పోటీలు. జట్టుని చూసేవాడు లేడు. ఎవరికి అప్పజెప్పమంటావు పంతులూ?" అన్నారాయన.

"నేను చూస్తానండి."

"నువ్వా? గోల్లో నిలబడ్డవాడికి ఆటేం తెలుస్తుందయ్యా? వస్తే బంతి పట్టడం, రాకపోతే గోళ్ళు గిల్లుకోవడం."

"పదేళ్ళు ఆటంతా నా ఎదురుగానే జరిగిందండి. మిగతావాళ్ళకి సగం ఆట వీపు వెనకే అయిపోతుంది."

మిల్లు ఆయన పెద్దగా నవ్వి, సరే కానిమ్మన్నారు. ఆయన వెళ్ళాక లోపల తాతగారు బాబాయిని పిలిచారు. తాతగారికి అప్పటికే డెబ్బై దాటాయి. మోకాళ్ళు సహకరించక గర్భగుడి గడప దాటడానికి రెండు చేతులతో ద్వారబంధం పట్టుకునేవారు. ఆయన అడిగింది అన్యాయం కాదని నాకు ఆ వయసులో కూడా తెలుసు. "చూడరా, నేను ఇంక ఒంటరిగా చెయ్యలేను. ఒకటే మాట. ఆ పోటీలో కప్పు గెలిచావా, నీ దారి నీది, గుడి మాట మళ్ళీ ఎత్తను, వేరే ఎవరినైనా పెట్టుకుంటాను. గెలవలేదా, మర్నాటి నుంచి తాళంచెవులు నీ మొలకి. బంతి మాట నువ్వు ఎత్తకూడదు" అన్నారు. బాబాయి "అలాగే నాన్నగారూ" అన్నాడు. మా ఇంట్లో తాతగారితో అన్న మాట వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు.

పరీక్షలు రాసేసి నేను ఇంట్లోనే ఉన్నాను. వేసవిలో డాబా మీద వడియాలకి కాకుల కాపలా నాది. మా డాబా హైస్కూలు గ్రౌండు గోడని ఆనుకుని ఉంటుంది. ఒక వైపు గోలుస్తంభాలు సరిగ్గా మాకు పక్కవాటుగా, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా కనబడేవి. నవల తెచ్చుకునేదాన్ని గానీ చూపు గ్రౌండు మీదికే పోయేది. ఒకరోజు బాబాయి గొడుగు కోసం పైకి వచ్చి, "ఏం రాస్తున్నావు?" అని అడిగాడు. దాచుకోవడానికి వీలు లేకపోయింది, చూపించాను. "పాలు పితికే వేళ దూడలు తల్లి వెంట పడ్డట్టు మనవాళ్ళందరూ బంతి వెంటే పడుతున్నారు. కుడివైపు గడ్డి అసలు నలగనే లేదు" అని రాసి ఉంది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కుడివైపు గడ్డిని చాలాసేపు చూశాడు. "కింద నుంచి ఇది కనబడదే" అని, "రోజూ రాయి. ఎవరు ఎటు పోతున్నాడో రాయి. సాయంత్రం నాకియ్యి" అన్నాడు. నా అక్షరాలు ఎవరికైనా పనికి రావడం అదే మొదలు.

కానీ చెబితే వినే జట్టు కాదు అది. పన్నెండు మంది పన్నెండు రకాలు. పోస్ట్‌మాన్ ఒకడు ఊళ్ళో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు, కాకపోతే బంతి ఎటుంటే అటే. కొత్త గోల్‌కీపరు దర్జీగారి తమ్ముడు, చేతులు మెత్తనివే గానీ కంగారు మనిషి. "చెదరండ్రా" అని బాబాయి ఎంత అరిచినా, ఈల ఊదిన మరుక్షణం అందరూ ఒక గుంపు. ఆ సమయంలోనే శ్రీరామనవమి వచ్చింది. ఊరేగింపు పల్లకీ మోసేవాళ్ళు ఆ ఏడు చాలినంతమంది దొరకలేదు. తాతగారు దిగులు పడుతుంటే బాబాయి, "నా దగ్గర పన్నెండు మంది ఉన్నారు నాన్నగారూ" అన్నాడు. "తోలు తన్నేవాళ్ళా?" అన్నారు తాతగారు. "స్నానం చేయించి తెస్తాను" అన్నాడు బాబాయి.

ఆ పొద్దున్న మా పెరట్లో జరిగిన సంబరం లాంటిది నేను మళ్ళీ చూడలేదు. పన్నెండు మంది మగాళ్ళు తువ్వాళ్ళు కట్టుకుని బావి చుట్టూ వరసగా నిలబడ్డారు. బామ్మ గట్టు మీద పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్కడికీ చేదలు లెక్కపెట్టింది. "నీకు ఇంకొకటి. చెవి వెనక తడవలేదు." పోస్ట్‌మాన్ వణికిపోతూ, "మామ్మగారూ, నేను బంతిని చేత్తో ముట్టుకోనండీ, నాకు రెండు చేదలు చాలు" అన్నాడు. "కాలికి నాలుగు" అంది బామ్మ. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ నోట్లో కొంగు కుక్కుకున్నాను.

పల్లకీ లేచాక మొదటి వీధిలోనే పాఠం మొదలైంది. మలుపు దగ్గర ఆరుగురు ఒక్క వైపుకే దూరారు, పల్లకీ ఒరిగింది, తాతగారు "రామ రామ" అన్నారు. బాబాయి గొడుగు పట్టుకుని పక్కన నడుస్తూ మెల్లగా అన్నాడు. "దేవుడు ఒక్క బొంగు మీద కూర్చోలేదురా. బరువు లేని వైపు కూడా ఒకడు ఉండాలి. బరువు వాడి మీదికి ఎప్పుడొస్తుందో వాడికే తెలీదు, అయినా ఉండాలి." ఎనిమిది వీధులు తిరిగేసరికి ఎవరి చోటు వాళ్ళకి భుజం మీద వాచి మరీ తెలిసింది. మర్నాటి నుంచి గ్రౌండులో బాబాయి "చెదరండి" అనడం మానేశాడు. "పల్లకీ!" అని ఒక్క కేక వేసేవాడు, గుంపు విడిపోయి నాలుగు వైపులా సర్దుకునేది. నా డైరీలో కుడివైపు గడ్డి నలగడం మొదలైంది.

మే నెల పోటీల్లో మనవాళ్ళు ఫైనలుకి వచ్చారు. పక్క జిల్లా నుంచి వచ్చిన జట్టు ఎదురు. తాతగారు జీవితంలో మొదటిసారి ఆట చూడటానికి వచ్చి మిల్లు ఆయన పక్క కుర్చీలో, భుజాన కండువాతో, పెళ్ళిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. మా నాన్న ఆయన వెనక నిలబడ్డారు. బామ్మ, అమ్మ, నేను డాబా మీద. జనం మధ్యలోంచి ఎవడో, "పంతులూ, హారతి పడతావా, బంతి పడతావా?" అని అరిచాడు. బాబాయి వినబడనట్టే, మా డాబా వైపు గోలు వెనక నిలబడ్డాడు. స్పెయినాయనలా కుర్చీలో కూర్చుందామని రెండుసార్లు ప్రయత్నించాడు గానీ కుదరలేదు, కాళ్ళు ఆయన్ని అలవాటైన చోటికే తీసుకుపోయాయి. ఆ రోజుల్లో గోలుకి వల ఉండేది కాదు. రెండు స్తంభాలు, పైన అడ్డకర్ర, కింద సున్నం గీత.

విరామం దాటేసరికి చెరొక గోలు. ఇంకో పావుగంట ఉందనగా అవతలివాడు ఒకడు మూల నుంచి గట్టిగా తన్నాడు. దర్జీగారి తమ్ముడు ఒక వైపు దూకాడు, బంతి రెండో వైపు నుంచి జారింది. గోలే అనుకుని నేను కళ్ళు మూసుకోబోయాను. అంతలో బాబాయి స్తంభాల మధ్యలోకి అడుగు వేసి, వంగి, ఆ వంకర వేళ్ళతోనే రెండు చేతులా బంతిని పట్టేశాడు. పట్టి, చెయ్యి నెత్తికి రాసుకున్నాడు కూడా. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, తను ఆటలో లేడని.

గ్రౌండంతా గోల మొదలైంది. రిఫరీ దూరంగా ఉన్నాడు, పైగా దుమ్ము. పరిగెత్తుకొచ్చి, బంతిని గీతకి ఇవతల పట్టావా, అవతల పట్టావా అని బాబాయినే అడిగాడు. రూలు చిన్నదే. గీత దాటాక పట్టి ఉంటే గోలు. దాటకముందు బయటివాడు పట్టి ఉంటే గోలు కాదు, బంతిని మళ్ళీ కిందికి వదిలి ఆడించాలి. నేను పక్కవాటుగా చూశాను గనక చెప్పగలను, బంతి గీత దాటలేదు. జానెడు ఇవతలే ఉంది. బాబాయి ఆ మాట అంటే చాలు. ఆయన తాతగారి వైపు చూశాడు, కుడిచేతి వేళ్ళ వైపు చూశాడు. "గోలేనండి" అన్నాడు.

మిల్లు ఆయన లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడిందట. "ఏమైందండీ?" అని తాతగారు అడిగితే, "మీవాడు మనమీద మనమే గోలు వేయించాడండీ!" అన్నారట. దర్జీగారి తమ్ముడు మాత్రం ఏడుపు మొహంతో, "పట్టడం బాగుంది పంతులుగారూ, అదేదో ముందే చెబితే నేను పక్కకి తప్పుకునేవాణ్ణి" అన్నాడు. దానికి జట్టంతా నవ్వేసింది. ఆ నవ్వే వాళ్ళని నిలబెట్టిందని నాకనిపిస్తుంది. బాబాయి గోలు వెనక్కి వెళ్ళి "పల్లకీ!" అని గొంతు చించుకుని అరిచాడు. వెలుతురు తగ్గుతుండగా, అందరూ ఎడమవైపు చూస్తుండగా, బరువు లేని కుడివైపు పోస్ట్‌మాన్ ఒక్కడే ఉన్నాడు. బంతి అతని దగ్గరికి వచ్చింది, అతను దాన్ని ఉత్తరం అందించినంత శ్రద్ధగా మధ్యలోకి అందించాడు, మధ్యలోవాడు తన్నాడు. నేను డాబా మీద ఎగిరి గంతేసి అరిచానట. నాకు గుర్తులేదు, అమ్మ చెప్పింది. ఎదురింటివాళ్ళు నా గొంతు వినడం అదే మొదటిసారి.

చెరి రెండు, సమానం. పొద్దు గుంకింది, బంతి కనబడటం లేదు. మర్నాడు ఆడిద్దామంటే అవతలివాళ్ళకి తెల్లవారి బస్సు. కమిటీవాళ్ళు కూడబలుక్కుని, కప్పు ఇద్దరిదీ, చెరి ఆరు నెలలు ఉంచుకోవాలని తేల్చారు. నాణెం ఎగరేస్తే మొదటి ఆరు నెలలు వాళ్ళకి పడింది.

ఇంటికొచ్చి బాబాయి స్నానం చేసి, తాతగారి ముందు నిలబడ్డాడు. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ బంతి గీత దాటిందా?" అన్నారు తాతగారు. "దాటలేదు నాన్నగారూ. నేను పట్టకపోతే దాటేది. ఆటలో లేని చెయ్యి నాది, రావలసిన గోలు వాళ్ళది." తాతగారు భుజం మీది కండువా తీసి మడత పెట్టారు. బాబాయే అన్నాడు, "కప్పు గెలిచానని అనలేను. తాళంచెవులు ఇవ్వండి." "ఓడావని నేను మాత్రం ఎలా అంటాను?" అన్నారు తాతగారు. "ఊరంతా కలిసి సగం కప్పు అన్నాక, మాట కూడా సగమే నడుస్తుంది. కప్పు వాళ్ళ దగ్గరున్న ఆరు నెలలూ నువ్వు గుడికి రా. మన దగ్గరున్న ఆరు నెలలూ బంతి దగ్గరికి పో. ఆ ఆరు నెలలు నా మోకాళ్ళు నేను చూసుకుంటాను." వంటింట్లోంచి బామ్మ, "అయితే ఏడాదికి ఆరు నెలలే కదా నాకు నీళ్ళు తోడించే పని?" అంది. సంతోషించిందో చిన్నబుచ్చుకుందో ఆ గొంతులో తెలియలేదు.

ఆ వేసవి నుంచి కార్తీకం దాకా బాబాయి తెల్లవారుజామునే గుడికి వెళ్ళాడు, తాతగారు తీరిగ్గా మోకాళ్ళకి కాపడం పెట్టుకున్నారు. కార్తీకంలో ఒక మధ్యాహ్నం అవతలి జట్టు ఆటగాళ్ళిద్దరు కప్పుని తువ్వాలులో చుట్టుకుని బస్సు దిగారు, మా ఇంట్లో పప్పూ గోంగూర పచ్చడీ తిని వెళ్ళారు. మర్నాడు తెల్లవారక ముందే చీలకి ఉన్న తాళంచెవులు తాతగారే తీసుకున్నారు. బాబాయి ఇంకా పడుకునే ఉన్నాడు, లేపవద్దని సైగ చేసి, మెల్లగా గడప దిగి వెళ్ళారు. ఆ కప్పు ఎవరిదో తేల్చడానికి తర్వాత ఎవరూ తొందరపడలేదు. ఏటా ఆ రెండు ఊళ్ళ మధ్య అది అలాగే తిరుగుతోంది. బాబాయి ఆరు నెలలు హారతి ఇస్తాడు, ఆరు నెలలు నెమలి గ్రామమనీ గంపలగూడెం అనీ పిలిచిన చోటికల్లా వెళ్ళి జట్లకి ఆట నేర్పుతాడు. తాతగారు ఇప్పటికీ తన వంతు వదలడం లేదు.

ఏడాది ఇట్టే తిరిగిపోయిందని బడిలో తోటి టీచర్లు అనుకుంటుంటే నేను ఊరికే వింటుంటాను. మా ఇంట్లో ఏడాదికి రెండుసార్లు ఒకదానికి వీడ్కోలు, ఇంకోదానికి ఎదురుచూపు. అందుకేనేమో, గడిచిన ఈ ఏడేళ్ళూ నాకు పద్నాలుగేళ్ళంత పొడుగ్గా, ఒక్క రోజైనా ఒలకకుండా గుర్తున్నాయి.